మావయ్యగారి వంద సీసీ బండి

మా మావయ్యగారు పోయిన నెలలో వెళ్లిపోయారు. పొద్దున్నే టీ తాగి, గ్లాసు కింద పెట్టి, వరండాలో కుర్చీలోనే తల పక్కకి వాల్చేశారు. గ్లాసు తీసుకెళ్దామని వచ్చిన అత్తయ్య పిలిస్తే పలకలేదు. నేను అప్పటికే బడికి బయల్దేరి యానాం బ్రిడ్జి దాటేశాను. ఎదుర్లంకలో ఫోన్ మోగితే బండి పక్కకి తీసి ఎత్తాను. మా మరిది. "వదినా, నాన్న..." అన్నాడు. బండి వెనక్కి తిప్పాను. తిరిగొచ్చే దారిలో నాకు ఏడుపు రాలేదు. గేర్లు మాత్రం ఎక్కడ మార్చాలో అక్కడే మార్చుకుంటూ వచ్చాను.

ఆదరణ కూడికలో చాలామంది మాట్లాడారు. పాస్టరుగారు ఆయన్ని గొప్ప ప్రార్థనాపరుడన్నారు. ప్రార్థనాపరుడే, కాదనను. కానీ చర్చిలో వెనక బల్ల మీద గోడకి ఆనుకుని కునికేవారన్న సంగతి కూడా పాస్టరుగారికి తెలుసు. పశువుల ఆసుపత్రిలో ఆయనతో పనిచేసినవాళ్లు, కాంపౌండరుగారు వస్తే పొడిచే గేదె కూడా తలొంచేదని చెప్పుకున్నారు. ఫరంపేట నుంచీ అగ్రహారం నుంచీ వచ్చినవాళ్లు తమ దూడల కబుర్లు చెప్పి కళ్లు తుడుచుకున్నారు. అందరూ మంచి మాటలే చెప్పారు. బండి ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

కూడిక అయిపోయి కుర్చీలు మడతపెడుతున్నప్పుడు మా మరిది నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "వదినా, ఆ ఆదివారం ఏటిగట్టు మీద నాన్నకి హ్యాండిల్ ఇచ్చావా?" ఎవరో చూసి చెప్పినట్టున్నారు. నేను కుర్చీలు లెక్క చూస్తున్నట్టు నటించి లోపలికి వెళ్లిపోయాను. డాక్టరు బండి ముట్టుకోవద్దన్న మనిషికి హ్యాండిల్ ఇవ్వొచ్చా, ఇవ్వకూడదా అన్నది వాడి ప్రశ్న. ఒక్క ముక్కలో చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. అందుకే మొదటి నుంచీ రాస్తున్నాను.

అది పెద్ద బండేం కాదు. వంద సీసీ. నల్ల ట్యాంకు, దాని మీద వెలిసిపోయిన ఎర్ర గీత, కిక్కు కొడితే గానీ లేవదు. కొత్త బండ్ల కుర్రాళ్లు సిగ్నలు దగ్గర దాన్ని చూసి నవ్వుకుంటారు. పెట్రోలు చవకని చుట్టుపక్కల ఆంధ్రా ఊళ్లవాళ్లంతా యానాం బంకుల్లో బారులు తీరి నిలబడతారు గానీ, ఊళ్లోనే ఉండి కూడా మా మావయ్యగారు బంకు మొహం చూసేది అరుదు, బండి తాగేది అంత తక్కువ. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ మందుల పెట్టె వెనక కట్టుకుని ఊళ్లన్నీ దాని మీదే తిరిగారు. రిటైరయ్యాక కూడా అమ్మలేదు, మార్చలేదు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఆ బండి అంటే చిన్నచూపే. నాకు ఉద్యోగం ఏటికి అవతల, మురమళ్ల దాటాక ఒక ఊరి బడిలో వచ్చింది. లెక్కల టీచర్ని. అదే ఏడాది మా ఆయన్ని పుదుచ్చేరికి బదిలీ చేశారు. యానాం గవర్నమెంటు ఉద్యోగుల ఇళ్లలో ఇది మామూలే, ఎప్పుడో ఒకప్పుడు అంత దూరం మూటాముల్లె సర్దుకోవాల్సిందే. ఇక నన్ను దింపేవాళ్లు లేరు. బస్సు దొరికితే ఆటో దొరకదు, ఆటో దొరికితే అది నిండేదాకా కదలదు. రోజూ ప్రేయరు అయిపోయాక బడికి చేరడం, హెడ్మాస్టరు గడియారం వైపు చూడటం. ఒక సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు గోడకేసి కొట్టి, ఉద్యోగం మానేస్తానని చెప్పేశాను. అత్తయ్య స్కూటీ కొనుక్కోమంది.

"బండుంది కదమ్మాయ్," అన్నారు మావయ్యగారు.

దింపుతానంటున్నారేమో అనుకున్నాను. "రోజూ మీరేం దింపుతారులెండి," అన్నాను.

"నేనెందుకు దింపుతాను? నేను దింపితే నువ్వు నాకోసం కాసుక్కూచోవాలి. నువ్వే నడుపు."

నేర్పించడంలో ఒక ఇబ్బంది వచ్చింది. మా ఇళ్లలో మావా కోడలూ ఒకే బండి మీద కూర్చోవడం అనేది లేదు. ఎవరూ వద్దనలేదు, అలాంటిది ఎప్పుడూ జరగలేదంతే. వెనక కూర్చుని చెప్పాలంటే ఆయనకి మొహమాటం, నాకు అంతకన్నా ఎక్కువ. చివరికి ఆయన పక్కింటి సైకిలు అడిగి తెచ్చుకున్నారు. ఏటిగట్టు మీద నేను మొదటి గేరులో డుగుడుగుమంటూ వెళ్తుంటే, ఆయన సైకిలు తొక్కుతూ పక్కనే వచ్చి "క్లచ్చి, క్లచ్చి వదులు, మెల్లగా, కుండ దింపినట్టు" అని అరిచేవారు. కోడలు మోటారుసైకిలు మీద, మావగారు సైకిలు మీద. వలలు బాగుచేసుకునేవాళ్లు పని ఆపేసి మరీ చూసేవారు. నాకు చచ్చేంత సిగ్గుగా ఉండేది. ఆయనకి లేదు. ఆయన నా కళ్ల వైపు తప్ప ఎటూ చూసేవారు కాదు, నేను ఎటు చూస్తున్నానో అని. ముందు చక్రాన్ని చూస్తే తిట్టేవారు.

"దూరం చూడమ్మాయ్. దూరం చూసేవాళ్లకి బ్రేకు పని తగ్గుద్ది. బ్రేకు కొట్టిన ప్రతిసారీ నువ్వు సంపాదించుకున్న స్పీడు పారబోసుకున్నట్టే. ఇది చిన్న బండి, మళ్లీ సంపాదించాలంటే చాలాసేపు పడుద్ది."

గట్టు మీద నేర్చుకున్నదంతా బ్రిడ్జి ఎక్కిన రోజు గాలికి కొట్టుకుపోయింది. అవతలి ఒడ్డు నుంచి సాయంత్రం తిరిగొస్తున్నాను. సముద్రం నుంచి గాలి ఎదురు కొడుతోంది. నాలుగో గేరులో ఉన్నాను, ఎక్సలేటర్ చివరిదాకా తిప్పేశాను, అయినా బండి లాగదే! వెనక నుంచి లారీ హారన్ మీద హారన్ కొడుతోంది. బండి మూలుగుతూ, నేను దేవుణ్ని తలుచుకుంటూ ఎలాగో దిగాం. ఇంటికొచ్చి హెల్మెట్ తీయకుండానే అనేశాను.

"మీ బండికి దమ్ము లేదండీ."

ఆయన నొచ్చుకోలేదు. "గాలి ఎటేపు నుంచి వచ్చిందీ?" అని అడిగారు. ఎదురు నుంచి అన్నాను. "అది బ్రిడ్జి మీదకెళ్లాక తెలిసింది. ఎక్కక ముందే తెలియాలి కదా? కింద పడవల మీద జెండాలుంటాయి, చూసుకో. గాలి కొట్టాక గేరు దించితే అప్పటికే బండి ఊపు పోయుంటది. ఎక్కే ముందే మూడులోకి దించేసుకో. నాలుగులో అది ఏడుపు మొదలెట్టుద్ది. మూడులో పాడుద్ది."

మర్నాడు అలాగే చేశాను. బ్రిడ్జి మొదట్లో జెండాలు చూశాను, మూడులోకి దించాను. ఇంజను గొంతు మారింది. గాలి అదే, బండి అదే, కానీ ఈసారి అది నా కింద బిగువుగా, సరదాగా ముందుకి పోతోంది. హెల్మెట్ లోపల గట్టిగా నవ్వేశాను. పెళ్లయి ఆ ఊరు వచ్చాక నేను ఒక్కదాన్నే అంత సంతోషపడటం అదే మొదలు. ఆ సంగతి ఆయనకి చెబితే, "నాకూ అంతే, నవ్వొచ్చేద్ది," అన్నారు, తన చిన్నప్పటి రహస్యం ఏదో చెప్పినట్టు.

శనివారం సాయంత్రాలు బండివి. ఆదివారం ఆరాధనకి మేం తలంటుకుని తెల్లబట్టలు తీసిపెట్టుకున్నట్టే బండికీ ఒక తయారీ ఉండేది. మా ఊళ్లో ఉప్పుగాలి, చెరువుల మీద నుంచి వచ్చే తేమ, ఏటి ఇసుక. మూడూ కలిసి చైనుని తినేస్తాయి. చాలామంది వాడేసిన ఇంజనాయిల్ దాని మీద పోసి చేతులు దులుపుకుంటారు. ఆ జిడ్డుకి ఇసుక పట్టి చైను మరింత బిగుసుకుంటుంది. మావయ్యగారు ముందు కిరసనాయిలు గుడ్డతో లంకెలంకెకీ తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు చైను లోపలి వైపు చుక్కచుక్కగా నూనె వేసేవారు, చక్రం చేత్తో తిప్పుకుంటూ. చివర్న మళ్లీ పొడిగుడ్డతో తుడిచేసేవారు. "వేసిందెందుకు, తీసిందెందుకు?" అని అత్తయ్య విసుక్కునేది. తర్వాత పెద్ద స్టాండు మీద వెనక చక్రాన్ని ఒక్క తోపు తోసి, చెవి దాని దగ్గరికి పెట్టి వినేవారు. బ్రేకు ఎక్కడైనా రాసుకుంటుంటే స్స్ మంటుంది. అది పోయేదాకా వదిలేవారు కాదు. టైర్లలో గాలి మాత్రం ఆదివారం పొద్దున్నే, ఎండెక్కకముందు.

"ఇంజను బలం కంపెనీవాడు ఎంతిచ్చాడో అంతే. దాన్ని దారిలో ఒలకబోసుకోకుండా వెనక చక్రం దాకా తెచ్చుకోవడమే మన పని," అనేవారు. నా బ్యాగుని కూడా వదల్లేదు. ఒక శనివారం దాన్ని చేత్తో ఎత్తి చూసి, దిద్దిన పరీక్ష పేపర్లు, పాత డైరీలు, విరిగిన గొడుగు బయటికి తీసి బల్ల మీద పేర్చారు. "ఇయ్యన్నీ రోజూ ఏరు దాటాలా?" అన్నారు. గొడుగు తీసినందుకు నాకు కోపం వచ్చింది, అది నా పుట్టింటిది.

మా మరిదికి ఈ ఓపిక లేదు. వాడు కాకినాడలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నా వేసవి సెలవుల్లో బండిని నెల్లాళ్లు తీసుకెళ్లి "పవర్ పెంచి" తెచ్చాడు. వెనక దున్నపోతు మెడంత లావు టైరు, ఎయిర్ ఫిల్టర్ తీసేసి వదిలేసిన నోరు, వీధి చివర ఉండగానే కుక్కలు పారిపోయేంత మోతమోగే సైలెన్సర్. ఇంటి ముందు ఆపి గర్వంగా నిలబడ్డాడు. మావయ్యగారు ఎక్కి బ్రిడ్జి దాకా వెళ్లొచ్చారు. దిగి, చెవిలో వేలు తిప్పుకుంటూ, "చప్పుడు పెరిగిందిరా. బండి పెరగలేదు," అన్నారు. మరిది ఒప్పుకోలేదు. మర్నాడు నేను బడికి వెళ్తుంటే పాత రోజుల్లో మూడో గేరులో ఎక్కే బ్రిడ్జిని రెండులో ఎక్కాల్సివచ్చింది. ఆ లావు టైరుని తిప్పడానికే ఇంజను ప్రాణం చాలడం లేదు. మళ్లీ సన్న టైరు వేసే రోజున వాడు కూడా పానా పట్టుకుని పక్కన కూర్చున్నాడు. తండ్రీ కొడుకులిద్దరూ చేతులకి ఒకటే జిడ్డు పూసుకున్నారు.

పెద్ద బండ్లంటే ఆయనకి అసూయ ఉండేది కాదు. మొదట్లో అది మేకపోతు గాంభీర్యమేమో అనుకున్నాను. ఒకసారి బుల్లెట్టు లాంటిదేదో మా ఇంటి ముందు నుంచి రయ్యిన వెళ్లిపోతే అడిగాను కూడా. "ఆ బండి దమ్ము ఆడెప్పుడూ పూర్తిగా చూళ్లేదమ్మాయ్. మన రోడ్ల మీద చూడలేడు. సగంలోనే బ్రేకు కొట్టేసుకుంటాడు. మనం రోజూ మొత్తం చూత్తాం," అన్నారు. ఏటిగట్టు ఆయన హైవే. నలభైలో వెళ్తే వంపులన్నీ బ్రేకు లేకుండా తిరగొచ్చు, ఎవరి పెరట్లో ఏ పువ్వు విచ్చిందో వాసన పట్టొచ్చు. ఆ వంపుల్లో ఆయన బండి పడుకోబెట్టి లేపే తీరు చూస్తే, మా ఇంట్లో అన్నం ముందు గంభీరంగా ప్రార్థన చేసే పెద్దమనిషి ఈయనేనా అనిపించేది.

అలాంటి మనిషికి గుండె పాడైంది. మెట్లెక్కితే ఆయాసం, కాళ్లకి వాపు. కాకినాడ డాక్టరు పరీక్షలు చేసి, గుండె పంపింగు బాగా తగ్గిపోయిందనీ, కళ్లు తిరిగి పడొచ్చనీ, ఇక బండి నడపకూడదనీ చెప్పారు. మా ఆయన పుదుచ్చేరి నుంచి ఫోన్లోనే గట్టిగా మాట తీసుకున్నాడు. మరిది తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వు బడికెళ్లేటప్పుడు తప్ప ఇది బయటికి రాకూడదు వదినా."

మావయ్యగారు తాళం అడగలేదు. గొడవ పడలేదు. శనివారం బండి దగ్గరికి రావడం మానేశారు, అంతే. నాకు గుండె రిపోర్టుని చూస్తే వేయని భయం దాన్ని చూస్తే వేసింది. కావాలని చైనుకి నూనె వేయకుండా వదిలేశాను. అది కిర్రుకిర్రుమంటుంటే ఆయన ముందే గేటు లోపలికీ బయటికీ తిప్పాను, ఒక్క తిట్టు తిట్టినా చాలని. ఆయన వరండాలో కూర్చుని మొహం పక్కకి తిప్పుకున్నారు. ఆ సాయంత్రం నేనే కిరసనాయిలు గుడ్డ తీసుకుని చైను తుడుస్తూ ఏడ్చాను. తిండి తగ్గిపోయింది. అడిగితే, "ఆకల్లేదమ్మాయ్," అనేవారు. నా మనసులో మాట చెబుతున్నాను, ఆయన గుండె ఆగిపోతుందేమోనని కాదు నా భయం. ఆగకముందే ఆయన అయిపోతున్నారని.

ఒక ఆదివారం భోజనాలయ్యాక బండి బయటికి తీసి, ఆయన ముందు నిలబెట్టాను. "వెనక కూర్చోండి, అలా వెళ్లొద్దాం," అన్నాను.

"మావా కోడలూ ఒకే బండి మీదా? జనం ఏవనుకుంటారమ్మాయ్?"

"మీరు సైకిలేసుకుని నా వెంటపడ్డప్పుడే అనుకోవాల్సిందంతా అనుకున్నారు. ఇంక మిగిల్లేదు."

చాలా రోజుల తర్వాత ఆయన నవ్వారు. నేను అత్తయ్య వైపు చూశాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "నేను పడుకున్నాను, నేనేం చూళ్లేదు," అని లోపలికి వెళ్లిపోయింది.

సీటు చివర, వెనక కడ్డీ పట్టుకుని, నాకు తగలకుండా బిగుసుకుని కూర్చున్నారు. బ్రిడ్జి దాటి, ఎదుర్లంకలో ఎడమవైపు దిగి, జనం లేని ఏటిగట్టు ఎక్కాం. ఎండ కొబ్బరాకుల మధ్య నుంచి చారలుగా పడుతోంది. కొంత దూరం వెళ్లాక వెనక నుంచి మాట వినిపించింది.

"అమ్మాయ్. ఓసారి హ్యాండిల్ ఇత్తావా?"

ఆపాను. డాక్టరు మాట గుర్తొచ్చింది, మా ఆయన మొహం గుర్తొచ్చింది. "పడిపోతే, మావయ్యగారండీ?" అన్నాను. "పడేంత స్పీడు నేను వెళ్లనులే. నువ్వు మాత్రం దూకెయ్," అన్నారు. దారి అటూ ఇటూ చూశాను. మనిషి అలికిడి లేదు. దిగి, సీటు ఆయనకి వదిలాను. ఆయనకి కిక్కు కొట్టే సత్తువ లేదు. కిక్కు నేనే కొట్టాను.

రెండో గేరులో, మనిషి నడకకన్నా కాస్త ఎక్కువ. అంతే. వెనక కూర్చుని నేను రెండు కాళ్లూ నేలకి ఆనిద్దామా అన్నట్టు వేలాడేసుకున్నాను. అవసరం రాలేదు. ముందు వంపులో గేదెలు అడ్డంగా ఉన్నాయి. వాటిని అంత దూరం నుంచే చూసి ఎక్సలేటర్ వదిలేశారు. బ్రేకు లేదు, హారన్ లేదు. బండి మెల్లగా, మెల్లగా వాటి మధ్యకి చేరేసరికి అవే పక్కకి జరిగాయి. ఒకదాని వీపు మీద చెయ్యి వేసి, మాట్లాడుతూ దాటారు. అప్పుడు ఆయన మెడ మీద చెమట చూశాను. చెబుదామా అనుకునేలోపే ఆయనే బండిని గట్టు పక్కకి తీసి, ఆపి, దిగిపోయారు.

"చాలమ్మాయ్."

నాకు ఏడుపొచ్చేసింది. "ఇంకొంచెం వెళ్దామండీ," అన్నాను, మతి లేకుండా.

"వద్దు. బాగా నడిచింది. ఇంతటితో ఆపితే బాగుంటది," అన్నారు. ఊపిరి కూడదీసుకుంటున్నారు, కానీ మొహం కడిగినట్టుంది. ఆ రాత్రి చేపల పులుసు అడిగి రెండోసారి వేయించుకున్నారు. వచ్చే శనివారానికి కిరసనాయిలు ఉందో లేదో కనుక్కున్నారు.

అవును మరిదీ, ఇచ్చాను. నా చేత్తోనే ఇచ్చాను. ఎక్కడ ఆపాలో ఆ మనిషికి మన అందరికన్నా బాగా తెలుసు. మళ్లీ అడిగితే మళ్లీ ఇస్తాను. అడగడానికి ఆయన లేరు, అదొక్కటే నా బాధ.

ఆ ఆదివారం తిరుగు ప్రయాణంలో హ్యాండిల్ నాది. బ్రిడ్జి ఎక్కేసరికి సూర్యుడు మా వెనక్కి వచ్చేశాడు. ఎదురుగాలి గట్టిగా ఉంది. మూడులోకి దించాను. అయినా ఇద్దరి బరువుకి బండి కాస్త వెనకాడింది. అప్పుడు వెనక కడ్డీ వదిలి ఆయన ముందుకి జరిగారు. రెండు చేతులూ నా భుజాల మీద వేసి, తల వంచి, మోకాళ్లు దగ్గరికి తీసుకుని, గాలికి ఎక్కడా తగలకుండా నా వెనక చిన్నగా ఒదిగిపోయారు. బండి అందుకుంది. మా నీడ రోడ్డు మీద పొడుగ్గా ముందు పరిగెడుతోంది. అందులో బండి ఉంది, నేనున్నాను. ఆయన ఎక్కడా కనిపించడం లేదు. నా వీపుకి మాత్రం ఆయన ఊపిరి వెచ్చగా తగులుతూనే ఉంది.